గొట్టంలో పిచ్చుక



ఈ వారం మన మందిరం మీదున్న మైకు గురించి రాస్తున్నాను. ఇది కొందరికి నచ్చదని తెలుసు. అయినా నెలన్నర రోజులుగా మనసులో నలుగుతున్న సంగతి ఇది. చెప్పకుండా ఊరుకుంటే నాకు నిద్ర పట్టేలా లేదు. నిద్ర సంగతే ఈ వ్యాసమంతా కూడా.

మందిరం డాబా మీద ఇనప గొట్టానికి రెండు హారన్లు కట్టి ఉంటాయని మీకు తెలుసు. ఒకటి పేట వైపు, ఒకటి కాలవ గట్టు రోడ్డు వైపు. సంక్రాంతి దాటాక రోడ్డు వైపు హారన్‌లో యూనిట్టు కాలిపోయింది. ఒక్కదానితోనే నెట్టుకొచ్చాం. ఫిబ్రవరి రెండో శనివారం మైకు సెట్టు కుర్రాడు బాగు చేద్దామని నిచ్చెన వేసుకుని ఎక్కాడు. ఎక్కినవాడు అక్కడే ఆగిపోయి, "అయ్యగారూ, ఇందులో ఎవరో కాపరం పెట్టారండీ" అని అరిచాడు.

నేనూ ఎక్కి చూశాను. హారన్ లోపల, మెడ సన్నబడే చోట ఎండుగడ్డి, కొబ్బరి పీచు, కోడి ఈకలు, ఎవరి సంచిదో ఊడిన ప్లాస్టిక్ దారం. వాటి మధ్య నాలుగు గుడ్లు. తెల్లటి గుడ్లమీద గోధుమరంగు చుక్కలు. తల్లి పిచ్చుక కరెంటు తీగ మీద కూర్చుని మా ఇద్దరినీ తిట్టినంత పని చేసింది.

మన ఊళ్లో పిచ్చుక గుడ్లు నేను చూసి ఎన్నేళ్లయిందో. నా చిన్నప్పుడు తాటాకు చూరులో, దూలాల సందుల్లో, అద్దం వెనక, ఎక్కడ చూసినా వాటి గూళ్లే. అద్దంలో తన బొమ్మను తనే పొడుచుకునే పిచ్చుకను చూసి నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు చూరు లేదు, దూలం లేదు. నున్నటి డాబాల్లో పిచ్చుకకు కాలు పెట్టే సందు లేదు. పిల్లలకు తినిపించడానికి మెత్తటి పురుగు దొరకదు, మందు కొట్టని చేను లేదు మరి. పాపం, ఊరంతా వెదికి చివరకు చెడిపోయిన మన హారన్‌లో చోటు చూసుకుంది.

కుర్రాడు "తీసేసి పక్కన పెడతానండీ, పది నిమిషాల పని" అన్నాడు. కింద నిచ్చెన పట్టుకున్న మా అమ్మాయి ఒప్పుకోలేదు. "84వ కీర్తన నాచేత కంఠతా పట్టించింది మీరే కదా నాన్నా" అంది. ఆ కీర్తన రాసిన భక్తుడికి దేవుని మందిరంలో గూడు కట్టుకున్న పిచ్చుకను చూస్తే అసూయ. తనకు దొరకని చోటు దానికి దొరికిందని. తొమ్మిదో తరగతి పిల్ల వాక్యంతో అడ్డం నిలబడితే సెమినరీ డిప్లొమా ఏం పనికొస్తుంది?

పెద్దలతో మాట్లాడాను. పక్క హారన్ మూరెడు దూరంలోనే మోగుతుంది, గుడ్లు పొదిగి పిల్లలు ఎగిరేదాకా రెండూ ఆపేద్దాం అన్నాను. పిచ్చుక పొదగడానికి పన్నెండు రోజులు అటూ ఇటూ, పిల్లలకు రెక్కలు రావడానికి ఇంకో పదిహేను రోజులు. మొత్తం ఒక నెల. అందరూ సరేనన్నారు. 2020లో తమిళనాడు శివగంగ జిల్లాలో పొత్తకుడి అనే ఊళ్లో వీధిదీపాల స్విచ్చుల పెట్టెలో ఒక పిట్ట గుడ్లు పెడితే, ఊరు ఊరంతా నెల పైన చీకట్లో ఉండి దాన్ని కాపాడిందట. అంత ఊరు చీకటిని ఓర్చుకుంటే మనం నిశ్శబ్దాన్ని ఓర్చుకోలేమా అనుకున్నాం. ఆ రాత్రి నా మీద నాకే కొంచెం గౌరవం కలిగింది. ఆ గౌరవం ఎక్కువ రోజులు నిలవలేదు.

మొదటి ఆశ్చర్యం మర్నాడు తెల్లవారుజామునే. రోజూ నాలుగున్నరకు పాట పెట్టే అలవాటు కాబట్టి మెలకువ వచ్చేసింది. చేతికి పని లేదు. డాబా మెట్ల మీద కూర్చున్నాను. పదేళ్లుగా ఈ మందిరంలో ఉంటున్నాను, మన ఊరి తెల్లవారుజాము ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ వినలేదు. ముందు దూరంగా చెరువుల మీద ఏరియేటర్ల హోరు. తరవాత జెముడుకాకి. ఎక్కడో ఒక గేదె. పాలకేంద్రానికి వెళ్లే సైకిలు చైను చప్పుడు. కాస్త వెలుతురు రాగానే కొల్లేటి వైపు నుంచి కొంగలు, వాటి వెనకాల నాలుగు గూడబాతులు రెక్క ఆడించకుండా కాలవ మీదుగా వెళ్లాయి. ఆటపాకలో చెట్టు చెట్టుకీ గూడబాతులు కాపరం ఉంటాయని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం టిక్కెట్టు కొనుక్కుని వస్తారు. నా నెత్తిమీద నుంచి రోజూ ఊరికే వెళ్తున్నా నేను తల ఎత్తలేదు.

ఏలీయా హోరేబు కొండ మీద నిలబడినప్పుడు గాలి వచ్చింది, భూకంపం వచ్చింది, నిప్పు వచ్చింది. దేవుడు వాటిలో లేడు. ఆఖరున వచ్చిన సన్నని మెల్లని స్వరంలో ఉన్నాడు. ఆ భాగం మీద నేను కనీసం ఇరవైసార్లు ప్రసంగించి ఉంటాను. అన్నిసార్లూ మైకులోనే.

రెండో ఆశ్చర్యం అంత హాయైనది కాదు.

నాలుగైదు రోజులకు చెరువు మీద రాత్రి కాపలా ఉండే మన పక్క వీధి అబ్బాయి టీ కొట్టు దగ్గర కనిపించాడు. రొయ్యల చెరువుల సంగతి మీకు తెలియంది కాదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఏరియేటరు ఒక గంట ఆగిందంటే పెట్టుబడి అంతా తేలిపోతుంది. అంచేత కాపలావాడు రాత్రంతా కన్ను మూయడానికి లేదు. తెల్లారగట్ల ఇంకొకడు వచ్చాక ఇంటికొచ్చి పడుకుంటాడు. "ఈ వారం బాగా నిద్ర పడతంది బాబాయ్" అన్నాడు నాతో. ఎంచేతో అడగలేదు నేను. వాడూ చెప్పలేదు. ఇద్దరం టీ తాగాం.

పదో తరగతి పరీక్షలు రాయాల్సిన ఒక పిల్ల తల్లి మా ఆవిడతో అందట: "మా అమ్మాయి పొద్దున్నే లేచి చదువుకుంటోందండీ, ఇదివరకు పాటలు అయిపోయేదాకా పుస్తకం పట్టుకునేది కాదు." ఆవిడ మన సంఘస్థురాలే.

ఇక ఎదురింటి మామ్మగారు. రోడ్డు వైపు హారన్ సూటిగా వాళ్ల కిటికీకే ఉంటుంది. జనవరిలో తాతగారు పోయారు. ఆయనకు పక్షవాతం వచ్చి రెండేళ్లు మంచంలో ఉన్నారు. పరామర్శకు నేనూ వెళ్లాను, ప్రార్థన చేయమంటే చేశాను. వాళ్లు మన విశ్వాసం వాళ్లు కాకపోయినా ఏ క్రిస్మస్‌కూ మన ఇంటికి పాలు పంపడం మానలేదు. పోయిన నెల ఒక మధ్యాహ్నం మామ్మగారు అరుగు మీద కూర్చుని ఉంటే పలకరించాను. మాటల్లో, "మైకు చెడిపోయిందా పాస్టరుగారూ?" అని అడిగారు. పిచ్చుక సంగతి చెప్పాను. ఆవిడ నవ్వారు. తరవాత, ఏదో మామూలు సంగతి చెబుతున్నట్టు అన్నారు: "మా ఆయనకి రాత్రంతా నొప్పులు బాబూ. తెల్లారుజామునే కాస్త కునుకు పట్టేది. సరిగ్గా అప్పుడే మీ పాట మొదలయ్యేది. చెవుల్లో దూది పెట్టేదాన్ని."

"ఒక్క మాట చెప్పి ఉండాల్సింది కదండీ" అన్నాను.

"దేవుడి పాటలు కదా బాబూ, ఆపమని ఎట్లా చెప్తాం?"

నేను ఇంటికొచ్చి ఆ రోజు అన్నం తినలేదు.

ప్రియులారా, మనం పిచ్చుక కోసం నెల రోజులు మైకు ఆపగలిగాం. ఎదురింటి పెద్దాయన కోసం రెండేళ్లలో ఒక్క రోజు ఆపలేదు. ఆయన మంచంలో ఉన్నాడని మనకు తెలియదా? తెలుసు. ఆయన స్వస్థత కోసం ప్రార్థన కూడా చేశాం. ఆ ప్రార్థనే ఆయన్ను లేపేసింది.

పిచ్చుకల గురించి యేసుప్రభువు చెప్పిన మాట మత్తయి 10వ అధ్యాయంలోనూ లూకా 12వ అధ్యాయంలోనూ ఉంది. జాగ్రత్తగా చూస్తే లెక్కలో చిన్న తేడా కనిపిస్తుంది. మత్తయిలో కాసుకు రెండు పిచ్చుకలు. లూకాలో రెండు కాసులకు ఐదు. నాలుగు రావాలి కదా, ఐదు వచ్చాయి. అంటే ఐదోది కొసరు. మన సంతలో కూరగాయలు కొన్నాక నాలుగు పచ్చిమిరపకాయలు వేస్తారే, అలాంటిది. వెలే లేని ఆ కొసరు పిచ్చుకను కూడా దేవుడు మరిచిపోడు. అయితే ప్రభువు అక్కడితో ఆపలేదు. మీరు ఎన్నో పిచ్చుకలకంటే విలువైనవారు అన్న అర్థంలో ముగించాడు. మనం మొదటి సగం పాటించి రెండో సగం వదిలేశాం.

సామెతల గ్రంథం 27వ అధ్యాయం 14వ వచనం ఒకసారి తీసి చదవండి. నేను దాని మీద ఎప్పుడూ ప్రసంగించలేదు, వేరే కాపరులు ప్రసంగించగా వినలేదు కూడా. పెందలాడే లేచి పెద్ద గొంతుతో స్నేహితుణ్ణి దీవిస్తే ఆ దీవెన శాపం కింద లెక్కకొస్తుందని సొలొమోను హెచ్చరిక. మూడు వేల ఏళ్ల కిందట హారన్లు లేవు, ఆంప్లిఫైయర్లు లేవు. అయినా తెల్లవారుజామున అరిచి దీవించేవాళ్లు ఉన్నారన్నమాట.

చట్టం సంగతి కూడా దాచను. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. అదే ఏడాది ఆగస్టు 30న సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. ఇతరుల ప్రశాంతత చెడగొట్టి, శబ్దం పెంచే యంత్రాలతో ప్రార్థన చేయాలని ఏ మతమూ చెప్పదు అని. ఆ కేసులో కాలనీవాళ్లు కోర్టుకు ఈడ్చింది ఎవరినో తెలుసా? మద్రాసులోని ఒక క్రైస్తవ సంఘాన్నే. మనం నాలుగున్నరకు పాట పెట్టిన ప్రతి రోజూ చట్టాన్ని మీరాం. ఎవరూ ఫిర్యాదు చేయలేదు కాబట్టి తప్పు కాదనుకున్నాం. అధికారులకు లోబడమని రోమా పత్రిక 13వ అధ్యాయం మీద బోధించిన నోరే నాది.

ఈ నెలలో మీలో కొందరు నాతో వాదించారు. వాళ్ల మాటలు తేలిగ్గా తీసేయను.

ఒక మాట: "మైకు పక్కనే మోగుతున్నా పిచ్చుక వచ్చి గూడు పెట్టింది కదా అయ్యగారూ, అలవాటు పడిపోయింది, ఊళ్లోవాళ్లూ అంతే." నిజమే, అలవాటు పడింది. వేరే చోటు లేక అలవాటు పడింది. చెవిలో దూది పెట్టుకోవడం కూడా అలవాటు పడటమే. ఓర్చుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఇన్నేళ్లూ మనం ఊరి మౌనాన్ని ఊరి అంగీకారం అనుకున్నాం.

రెండో మాట: "మిగతా గుళ్లవాళ్లు ఆపుతారా? మనమే ఎందుకు ఆపాలి?" ఇతరుల మైకు గురించి మాట్లాడే అధికారం నాకు లేదు. నా మైకు స్విచ్చు నా చేతిలో ఉంది. పొరుగువాడు నిన్ను ప్రేమిస్తేనే నువ్వు పొరుగువాణ్ణి ప్రేమించు అని ప్రభువు షరతు పెట్టలేదు.

మూడో మాట: "మైకు లేకపోతే సువార్త ఎలా వెళ్తుంది?" కాపలా అబ్బాయి పదేళ్లుగా మన పాటలు వింటున్నాడు. ఒక్కసారీ మన మందిరం గడప తొక్కలేదు. మైకు ఆగిన మూడో వారంలో ఆదివారం వెనక బల్ల మీద కూర్చున్నాడు. దీన్ని నేను సాక్ష్యంగా చెప్పుకోను. మళ్లీ వస్తాడో రాడో కూడా తెలియదు. కానీ నిద్రపోయిన మనిషికే వినే ఓపిక ఉంటుందని నాకు అర్థమైంది.

ఇక నాలుగో మాట మన సంఘ పెద్దది. దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఆయన డెబ్బై దాటినవాడు. నన్ను పక్కకు పిలిచి ఇలా అన్నారు. "అయ్యగారూ, మీరు బయటనుంచి వచ్చారు. మా చిన్నప్పుడు ఊళ్లోకి వెళ్తే చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లేవాళ్లం. మా నాన్న గొంతు ఎత్తి మాట్లాడటం నేను చూడలేదు. ఒక కుప్పనూర్పిళ్లలో పేటంతా కూలి గింజలు వేసుకుని ఆ మైకు కొన్నాం. మన గొంతు ఊళ్లో అందరి చెవినీ పడింది ఆ రోజే. దాన్ని ఆపమంటే నాకు కడుపులో దేవినట్టుంది."

నేను ఆయన చేతులు పట్టుకున్నాను తప్ప ఏమీ అనలేకపోయాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఎవరికైనా అది ఇనప గొట్టం కావచ్చు, ఆయనకు అది తలెత్తుకోవడం. ఆ సంగతి తెలియకుండా "శబ్దం తగ్గించండి" అని చెప్పేవాళ్ల నీతి నాకు రుచించదు.

రెండు రోజులు ఆలోచించాక ఆయనకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఒకప్పుడు మనవాళ్లు బాధ ఉండి కూడా నోరెత్తలేకపోయారు. నోరెత్తలేకపోవడం ఎలా ఉంటుందో ఈ ఊళ్లో మనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఇప్పుడు మామ్మగారు రెండేళ్లు నోరెత్తలేకపోయారు. ఈసారి కారణం మనం. తలెత్తుకున్న మనిషి గుర్తు ఏమిటంటే, అవసరమైతే గొంతు తగ్గించగలగడం. భయపడి తగ్గించడం కాదు, మనంతట మనం తగ్గించడం. బలవంతంగా ఊరుకోబెట్టిన మౌనానికీ ప్రేమతో ఎంచుకున్న మౌనానికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంది. పెద్దాయన ఒప్పుకోలేదు. కాదనలేదు కూడా. "ఆలోచిస్తా" అన్నారు. ఆయన ఆలోచించే హక్కును గౌరవిస్తాను.

మైకు పారేద్దామని నేను అనడం లేదు. 2024 సెప్టెంబరు 1 ఆదివారం గుర్తుందా? బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీళ్లలో మునిగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ మర్నాటికి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల దాకా వచ్చింది. సింగ్‌నగర్‌లో మన పిల్లలున్నారు, వాళ్ల ఫోన్లు పలకడం లేదు. ఆ రోజు ఆరాధన మధ్యలో ఆపి మైకులో ఒక్క మాట చెప్పాం. గంటలో మన మందిరం ముందు బియ్యం సంచులు, పాల ప్యాకెట్లు, దుప్పట్లు. రామాలయం దగ్గర పొయ్యి పెట్టి పులిహోర కలిపారు, మనవాళ్లు పొట్లాలు కట్టారు. బుడమేరు నీళ్లు చివరకు చేరేది కొల్లేటికే కాబట్టి పల్లంలో ఉన్నవాళ్లను ఖాళీ చేయమని తరవాతి రోజుల్లో హెచ్చరించిందీ ఆ హారన్లే. 1977 దివిసీమ ఉప్పెన రాత్రి ఇలాంటి ఒక కేక అందితే ఎన్ని ప్రాణాలు మిగిలేవో అని మన పెద్దలు ఇప్పటికీ అనుకుంటారు. మైకు ఉండాల్సింది దానికి. రోజూ అరిచే గొంతును జనం వినడం మానేస్తారు. అవసరానికి మాత్రమే పలికే గొంతుకు ఊరు లేచి వస్తుంది.

కాబట్టి నా మనవి ఇది. ఉదయం ఆరుకు ముందు, రాత్రి పది తరవాత హారన్లు వద్దు. ఆదివారం ఆరాధనకు లోపల రెండు బాక్సులు చాలు, మన మందిరం అంత పెద్దదేం కాదు. హారన్లు వరదకు, తుపానుకు, తప్పిపోయిన బిడ్డకు, రక్తం కావాల్సిన రోగికి. ఏ కులం వారిదైనా, ఏ గుడి వారిదైనా. తెల్లవారుజామున ప్రార్థన మానేది లేదు. నాలుగున్నరకు తలుపులు తెరిచే ఉంటాయి, గది తలుపు వేసుకుని ప్రార్థించమన్న ప్రభువుకు హారన్ లేకపోయినా వినపడుతుంది. ఈ ఆదివారం ఆరాధన తరవాత పెద్దల కూటంలో ఈ మాట పెడతాను. కాదంటే వాదించండి. నా తప్పు మాత్రం కూటం నిర్ణయానికి ముందే ఒప్పుకుంటున్నాను. పోయిన వారం మామ్మగారి అరుగు మీద కూర్చుని క్షమాపణ అడిగాను.

ఆవిడ ఏమీ అనకుండా లోపలికి వెళ్లి ఒక వరి కుచ్చు తెచ్చి నా చేతిలో పెట్టారు. కొత్త పంట కంకులతో జడలా అల్లి, పిచ్చుకల కోసం చూరుకు కట్టేవాళ్లే, అది. "మా ఆయన ఒంట్లో బాగున్నప్పుడు అల్లింది. నాకు అల్లడం రాదు. మీ పిచ్చుకకు కట్టండి" అన్నారు. మందిరం గుమ్మం పక్కన కట్టాం. రేపు వస్తే మీకు కనిపిస్తుంది, గింజలు సగమే మిగిలాయి.

పిచ్చుక పిల్లలు మార్చి రెండో వారంలోనే ఎగిరిపోయాయి. నాలుగింటిలో మూడు. ఒకటి గూట్లోనే చనిపోయింది, మా అమ్మాయి మల్లెపొద కింద పాతిపెట్టింది. గూడు ఖాళీ అయింది, ఇక మైకు పెట్టొచ్చని కుర్రాడు ఫోన్ చేశాడు. నేను ఇంకా రమ్మనలేదు. పిచ్చుక కోసం ఆపామని చెప్పుకోవడం సులువుగా ఉంది. దానికి ఊరంతా మెచ్చుకుంటుంది కూడా. మనుషుల కోసం ఆపుతున్నాం అని చెప్పడమే కష్టం. అలా చెబితే ఇన్నాళ్లూ ఎందుకు ఆపలేదన్న ప్రశ్న వస్తుంది.

ఆ ప్రశ్న రానివ్వండి. అది వినే చెవులు దేవుడు మనకు ఇచ్చును గాక. ఆమెన్.

మీ కాపరి